స్టెంట్ పడ్డాక మళ్లీ ఓడ ఎక్కవచ్చా? నావికుల మెడికల్ సర్టిఫికెట్‌లో గుండెను ఎలా చూస్తారు

మీరు అడిగినదాన్ని నాకు అర్థమైన మేరకు ముందు చెబుతాను. మీ తమ్ముడికి నలభై ఒక్క ఏళ్లు, విదేశీ జెండా కింద, అంటే వేరే దేశంలో రిజిస్టరై, నడిచే సరుకు ఓడల్లో సెకండ్ ఇంజనీర్. సెలవులో హనుమకొండకు వచ్చినప్పుడు గుండెపోటు వస్తే గంటన్నరలోపే యాంజియోప్లాస్టీ చేసి, గుండె ముందు భాగానికి రక్తం అందించే నాళంలో ఒక స్టెంట్ వేశారు. ఇప్పటికి నాలుగు నెలలైంది. ఎకోలో పంపింగ్ 50 శాతం ఉంది, నొప్పి గానీ ఆయాసం గానీ లేవు, సిగరెట్ మానేశారు. కంపెనీ మళ్లీ పిలుస్తోంది. ఏజెంటేమో "ఈసీజీ మంచిగనే ఉన్నది గదా, స్టెంట్ ముచ్చట ఎత్తకుండ్రి" అంటున్నాడు. దీనితోపాటు, చిన్నప్పుడు గుండెలో రంధ్రానికి ఆపరేషన్ జరిగిన మీ మేనల్లుడు డెక్ క్యాడెట్‌గా, అంటే ఓడ నడిపే ఆఫీసరు శిక్షణలో, చేరవచ్చా అని కూడా అడిగారు.

నేను ఫిజిషియన్‌ని. విశాఖపట్నంలో చాలా ఏళ్లు నావికులకు వైద్య పరీక్షలు చేసి, ఇప్పుడు మన హనుమకొండ వైపే ప్రాక్టీసు చేస్తున్నాను. క్లుప్తంగా చెప్పాలంటే మీ తమ్ముడికి దారి మూసుకుపోలేదు. అయితే గుండెపోటుకు ముందు వచ్చినట్టు ఏ షరతూ లేని రెండేళ్ల సర్టిఫికెట్ మాత్రం ఇక రాదు. ఏజెంటు సలహాను పాటిస్తే, ఉన్న దారి కూడా మూసుకుపోయే ప్రమాదం ఉంది. ఎందుకో వివరంగా రాస్తాను.

చికిత్స చేసిన కార్డియాలజిస్టు మీ తమ్ముణ్ని చూసి "గుండె బాగుంది, పనికి పోవచ్చు" అని రాసి ఇస్తారు. ఆ మాట నిజమే కావచ్చు, కానీ నావికుల పరీక్ష చేసే వైద్యుడికి అది సగం సమాధానమే. ఆయన తేల్చవలసిన విషయం వేరు: ఈ మనిషి, ఎవరూ తోడులేని చోట, ఆసుపత్రికి రోజుల దూరంలో ఉన్నప్పుడు, హఠాత్తుగా కుప్పకూలే అవకాశం ఏడాదికి ఎంత, అలా కూలితే ఆయనకే కాక ఓడకూ తోటివాళ్లకూ ఏమవుతుంది? మార్గదర్శకాల్లోని ప్రతి అంకె వెనుకా ఉన్నది ఈ ప్రశ్నే. మీరు సమకూర్చుకునే ప్రతి కాగితమూ ఈ ప్రశ్నకే జవాబు చెప్పాలి.

ఒడ్డున ఉన్నవాళ్లకు ఓడ పని ఎలా ఉంటుందో తెలియక ఈ నిబంధనలు మొండిగా కనిపిస్తాయి. ఇప్పటి సరుకు ఓడల్లో చాలావాటికి రాత్రిళ్లు ఇంజిన్ రూమ్‌లో మనిషి ఉండడు. యంత్రాలు వాటంతట అవే నడుస్తాయి, డ్యూటీ ఇంజనీర్ తన క్యాబిన్‌లో పడుకుంటాడు. అర్ధరాత్రి రెండింటికి అలారం మోగితే లేచి, బాయిలర్ సూట్ తొడుక్కుని, ఒక్కడే కిందికి దిగుతాడు. దిగగానే ఒక స్విచ్ వేయాలి. లోపల ఉన్నంతసేపూ అరగంట దాటకుండా ఒక బటన్ నొక్కుతూ ఉండాలి. నొక్కకపోతే లోపలున్న మనిషికి ఏదో అయిందని ఓడను నడిపే గదికి, అంటే బ్రిడ్జ్‌కూ, మిగతా ఇంజనీర్ల క్యాబిన్లకూ అలారం పోతుంది. లోపల వేడి 40 డిగ్రీలు దాటడం మామూలే, అడుగు ప్లేట్ల నుంచి పైకి రావాలంటే నాలుగైదు అంతస్తుల నిట్టనిలువు మెట్లు. ఆ అరగంట మధ్యలో గుండె లయ తప్పితే అలారం మోగేసరికి చేయగలిగింది ఏమీ మిగలదు.

ఇది రోజువారీ పని మాత్రమే. మంటలు అంటుకుంటే గాలి సిలిండర్ వీపున కట్టుకుని పొగలోకి వెళ్లేవారిలో ఇంజనీర్లు ముందుంటారు. అంతర్జాతీయ ప్రమాణాల్లో శారీరక సామర్థ్యానికి ఇచ్చిన ఉదాహరణలు చూడండి: 600 మిల్లీమీటర్ల ఎత్తున్న గడపలు దాటడం, 60 సెంటీమీటర్ల చదరపు సందులోంచి దూరడం, సుమారు 18 కిలోల బరువు ఎత్తడం, లాగడం, మోయడం, వాటర్‌టైట్ తలుపులు తెరిచి మూయడం. హనుమకొండలో రోజూ పొద్దున వాకింగ్ చేస్తున్నాడన్నది మంచి కబురే గానీ ఈ పనులకు అది సాక్ష్యం కాదు.

ఇక వైద్యం సంగతి. వంద మంది లేదా అంతకు మించి మనుషులతో, మూడు రోజులు దాటే అంతర్జాతీయ ప్రయాణం చేసే ఓడలకే డాక్టర్ తప్పనిసరి. సరుకు ఓడలో ఇరవై, పాతిక మంది ఉంటారు కాబట్టి డాక్టర్ ఉండడు. మెడికల్ కోర్సు చేసిన ఆఫీసరు ఒకరు, మందుల గది ఒకటి, రేడియోలోనో ఉపగ్రహ ఫోన్‌లోనో ఒడ్డున ఉన్న వైద్యుడి సలహా ఒకటి, ఇంతే. మీ తమ్ముడికి గంటన్నరలో రక్తనాళం తెరిచారు. అదే గుండెపోటు హిందూ మహాసముద్రం మధ్యలో వచ్చి ఉంటే ఆస్పిరిన్, ఆక్సిజన్, నాలుక కింద మాత్ర ఇచ్చి, హెలికాప్టర్ అందుకోగల దూరానికి ఓడను తిప్పుతూ రోజులు లెక్కపెట్టవలసి వచ్చేది. పరీక్ష చేసే వైద్యుడు పెన్ను పట్టుకున్నప్పుడు ఆయన కళ్లముందు ఉండేది ఈ దృశ్యమే.

ఇప్పుడు నిబంధనలు. నావికుల శిక్షణకు, సర్టిఫికెట్లకు, వాచ్‌కీపింగ్‌కు (వంతులవారీగా ఓడను, ఇంజిన్‌ను కనిపెట్టుకుని ఉండే డ్యూటీ) సంబంధించిన 1978 నాటి ఎస్‌టీసీడబ్ల్యూ ఒప్పందం, 2010లో మనీలాలో దానికి చేసిన సవరణలు ఒకవైపు. 2013 ఆగస్టు 20 నుంచి అమల్లోకి వచ్చిన 2006 నాటి మారిటైమ్ లేబర్ కన్వెన్షన్, అంటే ఎంఎల్‌సీ, ఇంకోవైపు. మెడికల్ సర్టిఫికెట్ గరిష్ఠంగా రెండేళ్లు, పద్దెనిమిది నిండని వాళ్లకు ఒక ఏడాది చెల్లుతుందని చెప్పేవి ఇవే. ఏ జబ్బును ఎలా చూడాలన్న వివరం మాత్రం అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్‌ఓ), అంతర్జాతీయ సముద్ర రవాణా సంస్థ (ఐఎంఓ) కలిసి రూపొందించిన వైద్య పరీక్షల మార్గదర్శకాల్లో ఉంది. మన దేశంలో ఈ పరీక్ష చేసే అధికారం కేంద్ర ప్రభుత్వ నౌకా రవాణా విభాగమైన డీజీ షిప్పింగ్ ఆమోదం ఉన్న వైద్యులకే ఉంటుంది. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో ఎంత పెద్ద ప్రొఫెసరు రాసిచ్చినా, హైదరాబాద్‌లో పేరుమోసిన కార్డియాలజిస్టు రాసిచ్చినా అది సలహా నివేదిక అవుతుందే తప్ప సర్టిఫికెట్ కాదు. విదేశీ జెండా ఓడ కాబట్టి ఆ దేశం ఎవరి సర్టిఫికెట్‌ను ఒప్పుకుంటుందో కంపెనీని ముందే అడిగి తెలుసుకోండి.

గుండెపోటు, యాంజైనా, బైపాస్, యాంజియోప్లాస్టీ, ఆగిన గుండెను తిరిగి నడిపించిన సందర్భం, ఈసీజీలో కొత్తగా కనబడిన లెఫ్ట్ బండిల్ బ్రాంచ్ బ్లాక్ (గుండె ఎడమవైపు విద్యుత్ సంకేతానికి అడ్డు), వీటన్నింటినీ ఆ మార్గదర్శకాలు ఒకే గూటిలో పెట్టాయి. మొదటి పరీక్షలూ చికిత్సా పూర్తయ్యాక మూడు నెలలపాటు ఎవరికైనా తాత్కాలికంగా అన్‌ఫిట్టే. లక్షణాలు తగ్గకపోతే ఇంకా ఎక్కువ. మూడు నెలలు నిండితే తనంతట తాను ఫిట్ అవుతాడని చాలామంది పొరబడతారు. మూడు నెలలు నిండాక జరిగేది లెక్క మొదలు కావడమే.

ఆ లెక్క మళ్లీ సంఘటన జరిగే అవకాశం మీద ఆధారపడుతుంది. అది ఏడాదికి 2 శాతం లోపు ఉందని అంచనాకు వస్తే, మందులూ జాగ్రత్తలూ పూర్తిగా పాటిస్తూ, దీనికి తోడయ్యే ఇతర జబ్బేదీ లేకపోతే, మొదట ఆరు నెలలకు, ఆ తర్వాత ఏడాదికోసారి సర్టిఫికెట్ ఇవ్వవచ్చు. 2 నుంచి 5 శాతం మధ్య అనిపిస్తే సర్టిఫికెట్ గడువు అంతే, కానీ షరతులు వస్తాయి: ఒంటరిగా పని చేయకూడదు, ఒంటరిగా వాచ్ చేయకూడదు, ఓడలో డాక్టర్ లేకపోతే తీరానికి దగ్గరి జలాల్లోనే పని. అంతకన్నా ఎక్కువైతే లక్షణాలేమీ లేకున్నా రేవుకు గంట దూరంలోపు, వాచ్ లేకుండా, ఒక్కొక్కరి పరిస్థితిని బట్టి. మార్గదర్శకాల్లోని ఈ పట్టికలో "ఏ షరతూ లేకుండా ప్రపంచమంతటా" అనే గడి గుండెపోటు వచ్చినవాళ్లకు వర్తించదని స్పష్టంగానే ఉంది. కాబట్టి పాత పద్ధతిలో రెండేళ్ల సర్టిఫికెట్ ఇప్పిస్తానని ఎవరైనా హామీ ఇస్తే ఆ హామీనే అనుమానించాలి.

మీ తమ్ముడు ఏ గూటిలో పడతాడన్నది నేను చూడకుండా చెప్పలేను. కానీ దాన్ని తేల్చే విషయాలు చెప్పగలను.

మొదటిది మిగతా రక్తనాళాలు. డిశ్చార్జ్ సమ్మరీలో స్టెంట్ వేసిన నాళం గురించి మూడు లైన్లు ఉంటే, మిగిలిన రెండు నాళాల గురించి ఒకే లైను ఉంటుంది. పరీక్షకుడు చదివేది ఆ ఒక్క లైనే. వాటిలో ఎక్కడైనా 60, 70 శాతం ఇరుకు ఉండి "మందులతో చూద్దాం" అని వదిలేసి ఉంటే, దానివల్ల గుండె కండరానికి రక్తం తగ్గడం లేదని పరీక్షతో నిరూపించాలి. యాంజియోగ్రామ్ సీడీని ఇంట్లో ఎక్కడ పెట్టారో ఇప్పుడే వెతికిపెట్టుకోండి. సమ్మరీ కాగితం కన్నా అది ఎక్కువ చెబుతుంది.

రెండోది టీఎంటీ. ట్రెడ్‌మిల్ మీద బ్రూస్ పద్ధతిలో ప్రతి మూడు నిమిషాలకు వేగమూ ఏటవాలూ పెరుగుతాయి. మూడో దశలో గంటకు దాదాపు 5.5 కిలోమీటర్ల వేగం, 14 శాతం ఏటవాలు ఉంటాయి. ఆ మూడు దశలూ, అంటే తొమ్మిది నిమిషాలూ, నొప్పి గానీ ఈసీజీ మార్పు గానీ లయ తప్పడం గానీ లేకుండా పూర్తి చేస్తే నాలాంటివాడికి ధైర్యం వస్తుంది. ఈ తొమ్మిది నిమిషాలు, పంపింగ్ కనీసం 40 శాతం అన్న అంకెలు నావికుల మార్గదర్శకాల్లో లేవు, బ్రిటన్‌లో లారీ, బస్సు డ్రైవర్లకు పెట్టిన ప్రమాణాలు. కానీ ఒంటరిగా బాధ్యత మోసే పనికి ఇవి సహేతుకమైన కొలత కాబట్టి నేను వాటినే వాడేవాణ్ని. మన దగ్గర చాలా ల్యాబుల్లో పేషెంటు కాస్త ఆయాసపడగానే ఆరో నిమిషంలో ఆపేసి "నెగెటివ్" అని రాసి ఇస్తారు. అలాంటి రిపోర్టు తీసుకురావడం దండగ. టెక్నీషియన్‌కు ముందే చెప్పండి, ఎన్ని నిమిషాలు నడిచాడో, ఎందుకు ఆపారో, గుండె వేగం ఎంతవరకు పోయిందో రిపోర్టులో ఉండాలని. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మాత్రను ఆ రోజు వేసుకోవాలా ఆపాలా అన్నది మాత్రం ఆయన కార్డియాలజిస్టే నిర్ణయించాలి. ఇంట్లో మీరే ఆపకండి.

మూడోది క్రమశిక్షణకు రుజువు. ఎల్‌డీఎల్ కొలెస్టరాల్ 70 లోపు, వీలైతే 55 లోపు ఉన్నట్టు ఇటీవలి పరీక్ష, మూడు నెలల షుగర్ సగటు, బరువు, సిగరెట్ మానేసిన సంగతి కార్డియాలజిస్టు నోటుతో సహా ఉండాలి. జాగ్రత్తలు పూర్తిగా పాటించడం అనేది మార్గదర్శకాల్లో షరతు. అది మాటతో తీరేది కాదు. సిగరెట్ విషయంలో నేను కొంచెం కఠినంగానే ఉంటాను. ఓడలో డ్యూటీ ఒత్తిడీ, చౌకగా దొరికే సిగరెట్టూ కలిస్తే మూడో వారానికే మళ్లీ మొదలుపెట్టినవాళ్లను చాలామందిని చూశాను.

మందుల విషయంలో ఒక గందరగోళాన్ని ముందే తీర్చాలి. మీ తమ్ముడు వాడుతున్న ఆస్పిరిన్, దానితోపాటు క్లోపిడోగ్రెల్ లేదా టికాగ్రెలార్, ఇవి ప్లేట్‌లెట్లు అతుక్కోకుండా చూసే మందులు. గుండెపోటు తర్వాత ఈ రెండింటినీ కలిపి సాధారణంగా ఏడాదిపాటు వాడతారు. మార్గదర్శకాలు శాశ్వత అడ్డంకిగా చూసేది వార్ఫరిన్, అసిట్రోమ్ వంటి రక్తం గడ్డకట్టకుండా చేసే మందులను. రెండు రకాలకూ రక్తస్రావం ప్రమాదం ఉన్నా రెండూ ఒకటి కావు. మందుల చీటీ చూసి కంగారుపడి వెనక్కి పంపిన వైద్యులూ ఉన్నారు కాబట్టి కార్డియాలజిస్టు లేఖలో ఏ మందు ఎప్పటిదాకా అన్నది స్పష్టంగా రాయించండి. నా సొంత అభిప్రాయం అడిగితే, రెండు మందుల ఏడాది పూర్తయ్యాక ఓడ ఎక్కడం ఇంకా మేలు. నిబంధన అలా అనడం లేదు. కానీ ఇంజిన్ రూమ్‌లో దెబ్బలు తగలకుండా ఎవరూ కాంట్రాక్టు పూర్తి చేయరు; మధ్యలో మందుల స్టాకు అయిపోయి క్లోపిడోగ్రెల్ ఆగితే, కొత్త స్టెంట్ మూసుకుపోవడం ప్రాణాంతకం.

వార్ఫరిన్ అన్నాను కాబట్టి మన ప్రాంతానికి సంబంధించిన ఒక మాట. చిన్నప్పుడు గొంతునొప్పి, కీళ్లవాపులతో వచ్చిన రుమాటిక్ జ్వరం ముదిరి కవాటాలు పాడైన యువకులు మన జిల్లాల్లో ఇప్పటికీ కనిపిస్తారు. ఇరవై ఒక్క రోజులకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ వేయించుకుంటూ డిగ్రీ దాకా వచ్చి, మర్చంట్ నేవీలో చేరాలని కాగితాలు పట్టుకొచ్చినవాళ్లు నాకు తెలుసు. మెకానికల్ కవాటం పడితే వార్ఫరిన్ జీవితాంతం, దానితోపాటు రక్తం ఎంత త్వరగా గడ్డకడుతుందో చూసే ఐఎన్‌ఆర్ పరీక్ష తరచూ. సముద్రం మీద ఇది కుదరదు, అందువల్ల దూర జలాలకు ఫిట్‌నెస్ దొరకదు. బెలూన్‌తో కవాటాన్ని వెడల్పు చేసి లయ సక్రమంగా ఉండి, ఆ మందులు అవసరం లేనివాళ్ల సంగతి నిపుణుడి నివేదికను బట్టి విడిగా చూస్తారు; ఎక్కువసార్లు తీరానికి దగ్గరి జలాలతోనే సరిపెట్టుకోవలసి వస్తుంది. అనుకోకుండా వినబడిన గుండె మర్మర శబ్దం మాత్రం దానంతట అదే అనర్హత కాదు. కార్డియాలజిస్టు ఎకో చేసి అపాయం లేనిదని రాస్తే ఫిట్. తేలేదాకా తాత్కాలికంగా ఆపుతారు, అంతే.

రక్తపోటు గురించి మీరు అడగలేదు గానీ, నేను చూసినంతలో నావికులను వెనక్కి తిప్పి పంపే గుండె సంబంధ కారణాల్లో అన్నిటికన్నా ఎక్కువగా ఎదురయ్యేది అదే. పైది 160 గానీ కిందిది 100 గానీ దాటితే పరీక్షించి చికిత్స ఇచ్చేదాకా తాత్కాలిక అన్‌ఫిట్. చికిత్స తర్వాత కూడా ఎప్పటికీ దాటుతూనే ఉంటే శాశ్వతం. 160 లోపు ఉంటే అంతా సవ్యమని కాదు, అది ఆపే గీత మాత్రమే, చికిత్స లక్ష్యం దానికి చాలా కింద ఉంటుంది. కాజీపేటలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, రాత్రంతా నిద్రలేకుండా కూర్చుని, పొద్దున్నే విశాఖలో దిగి, రెండు టీలు తాగి, స్టేషన్ నుంచి నేరుగా క్లినిక్‌కు వచ్చి కుర్చీలో కూర్చోగానే 170/104 చూపించిన కుర్రాళ్లు ఎంతోమంది. గంటసేపు ప్రశాంతంగా కూర్చోబెట్టి మళ్లీ చూస్తే 140కి దిగేది, కానీ మొదటి అంకె అప్పటికే ఫారంలో ఎక్కేసి ఉండేది. ఒకరోజు ముందే వెళ్లి నిద్రపొమ్మనండి. ఇంట్లో రెండు వారాలు ఉదయం సాయంత్రం చూసుకున్న రీడింగుల పుస్తకం ఉంటే ఇంకా మంచిది. వేడిలో పనిచేసేవాడికి మూత్రం ఎక్కువయ్యే బీపీ మాత్రలు అంతగా నప్పవు. నీరూ ఉప్పూ కోల్పోయి కళ్లు తిరుగుతాయి. మందు మార్చేదుంటే ఓడ ఎక్కే వారంలో కాకుండా రెండు నెలల ముందే మార్పించాలి.

లయ దోషాలు, పేస్‌మేకర్ గురించి క్లుప్తంగా. పేస్‌మేకర్ ఉన్నవాళ్లకు నిపుణుడి నివేదికను బట్టి పరిమిత సర్టిఫికెట్ దొరకవచ్చు, దాని గడువు పరికరం తనిఖీ తేదీతో కలుపుతారు, బలమైన విద్యుత్ క్షేత్రాల దగ్గర పనిని కూడా ఆలోచిస్తారు. గుండెకు షాక్ ఇచ్చే ఐసీడీ పెట్టినవాళ్లకు మాత్రం దారి లేదు.

ఇక దాచడం సంగతి. ఏజెంటు చెప్పినది సాంకేతికంగా సాధ్యమే. చేతి మణికట్టు నుంచి చేసిన యాంజియోప్లాస్టీకి కనిపించే మచ్చ కూడా ఉండదు, విశ్రాంతిగా ఉన్నప్పుడు తీసిన ఈసీజీ మామూలుగానే రావచ్చు. కానీ ఫారంలో గుండె జబ్బు, గుండె ఆపరేషన్, రక్తపోటు గురించి విడివిడిగా ప్రశ్నలు ఉంటాయి, కింద నావికుడి సంతకం ఉంటుంది. ఓడలో జబ్బుపడితే వైద్యం ఖర్చూ, జీతమూ, ఇంటికి చేర్చే బాధ్యతా ఎంఎల్‌సీ ప్రకారం ఓడ యజమానిది. అయితే ఉద్యోగంలో చేరేటప్పుడు ఉద్దేశపూర్వకంగా దాచిన జబ్బుకు ఆ బాధ్యత నుంచి యజమానికి మినహాయింపు ఇవ్వవచ్చని అదే ఒప్పందం చెబుతోంది. విదేశీ రేవులో వారం రోజుల ఐసీయూ బిల్లు కుటుంబం మీద పడితే ఏమవుతుందో ఆలోచించండి. ఇంతకన్నా నాకు బాధ కలిగించేది ఇంకొకటి. ఇంజిన్ రూమ్‌లో పనిచేసే ఒక ఆయిలర్ తన గుండె మాత్రలను విటమిన్ డబ్బాలో పోసుకుని ఓడ ఎక్కాడు. ఛాతీ నొప్పితో పడిపోయినప్పుడు రేడియోలో వైద్యుడు "ఏమైనా మందులు వాడతాడా" అని అడిగితే, డబ్బా చూసి "విటమిన్లు మాత్రమే" అని ఆఫీసరు జవాబు చెప్పాడు. అతను బతికాడు. కానీ ఆ గంటలో అతనికి అందవలసిన సరైన సలహా అందలేదు.

మన దగ్గర ఈ విషయంలో ఇంకో చిక్కు ఉంది. గోదావరిఖని, మందమర్రి వైపు పెరిగినవాళ్లకు మెడికల్ బోర్డు అంటే సింగరేణి బోర్డే గుర్తొస్తుంది. అక్కడ తండ్రి అన్‌ఫిట్ అయితే కొడుక్కి ఉద్యోగం వస్తుంది కాబట్టి జబ్బును పెద్దది చేసి చూపించే ఆరాటం ఉంటుంది. జగిత్యాల, సిరిసిల్ల వైపు గల్ఫ్ మెడికల్‌కు వెళ్లేవాళ్లకు ఏది దొరికిపోతుందో ఏది దొరకదో అన్నదే లెక్క. నావికుల పరీక్షను ఈ రెండింటిలో దేని కళ్లతో చూసినా పొరపాటే. ఇక్కడ వైద్యుడి చేతిలో ఫిట్, అన్‌ఫిట్ అనే రెండు ముద్రలే కాక, గడువు తగ్గించడం, పని పరిమితం చేయడం, జలాలు పరిమితం చేయడం అనే వెసులుబాటు కూడా ఉంటుంది. నిజం చెప్పినవాడికే ఆ వెసులుబాటు దక్కుతుంది.

సర్టిఫికెట్ నిరాకరించినా, షరతులు పెట్టినా, దానిపై మరో స్వతంత్ర వైద్యుడితో గానీ మెడికల్ రిఫరీతో గానీ మళ్లీ పరీక్ష చేయించుకునే హక్కు ఎంఎల్‌సీ ఇచ్చింది. నిరాకరించిన కాగితాన్ని లిఖితపూర్వకంగా అడిగి తీసుకోండి. అయితే సర్టిఫికెట్ వేరు, కంపెనీ పెట్టుకునే పరీక్ష వేరు. ఓడలకు బీమా ఇచ్చే క్లబ్బుల ఒత్తిడితో చాలా కంపెనీలు అంతర్జాతీయ ప్రమాణాల కన్నా గట్టి నియమాలు పెట్టుకుంటాయి, స్టెంట్ అనగానే వద్దనేవీ ఉన్నాయి. అక్కడ ఈ హక్కు పనిచేయదు. అందుకని మీ తమ్ముడు ముందుగా తన కంపెనీ మెడికల్ విభాగానికి జరిగింది జరిగినట్టు మెయిల్ చేసి, ఆరు నెలల సర్టిఫికెట్‌తో తీసుకుంటారా, ఒంటరి వాచ్ లేకుండా సెకండ్ ఇంజనీర్‌గా పెట్టుకుంటారా అని అడగడం మంచిది. రాత్రి ఒంటరి డ్యూటీ చేయలేని ఇంజనీర్‌ను భరించడం చిన్న సిబ్బంది ఉన్న ఓడకు కష్టం, అది నిజం. ఆరు నెలల సర్టిఫికెట్‌తో ఆరు నెలల కాంట్రాక్టుకు ఎక్కించడానికీ వెనకాడతారు. ప్రయాణం మధ్యలో గడువు తీరితే వైద్యుడు దొరికే తదుపరి రేవు దాకా, మూడు నెలలకు మించకుండా చెల్లుతుందన్న వెసులుబాటు ఉన్నా, దాన్ని ముందే లెక్కలో వేసుకుని ఎక్కకూడదు. నాలుగు నెలల కాంట్రాక్టు అడగమనండి. అదీ కుదరకపోతే రేవుల్లో టగ్గులు, తీరం వెంట నడిచే ఓడలు, షిప్‌యార్డులు, ఒడ్డున టెక్నికల్ సూపరింటెండెంట్ ఉద్యోగాలు సెకండ్ ఇంజనీర్ అనుభవం ఉన్నవాడికి అందని పళ్లేమీ కావు.

మేనల్లుడి విషయం దీనికి భిన్నం. రంధ్రం పూర్తిగా మూసుకుపోయి, ఎకోలో మిగులు లీకు లేకుండా, గుండె కుడి భాగం మామూలు సైజుకు వచ్చి, ఊపిరితిత్తుల ఒత్తిడి సాధారణంగా ఉండి, 24 గంటలపాటు ఈసీజీని నమోదు చేసే హోల్టర్ పరీక్షలో లయ సవ్యంగా ఉంటే, నిపుణుడి నివేదికతో ఫిట్ కావడానికి మంచి అవకాశమే ఉంది. కానీ ఇంకా ఉద్యోగం మొదలుపెట్టని కుర్రవాడికి పరిమిత సర్టిఫికెట్ ఉపయోగపడదు. శిక్షణలో అన్ని జలాలకూ అన్ని వాచ్‌లకూ పోవాలి, బ్రిడ్జ్ మీద వాచ్‌కు నిలబడాలి. అందుకే కొత్తగా చేరేవాళ్ల దగ్గర నేను ఇంకాస్త పట్టుగా ఉండేవాణ్ని. ఆపరేషన్ నాటి కాగితాలు, ముఖ్యంగా ఏ రకం రంధ్రం, ప్యాచ్ వేశారా పరికరం పెట్టారా అన్న వివరం, చేసిన ఆసుపత్రి రికార్డు సెక్షన్ నుంచి తీయించండి. ఆరోగ్యశ్రీ కింద చేయించి ఉంటే ఆ కార్డు నంబరుతో వెతకడం సులువు. ఆ తర్వాత పెద్దవాళ్ల పుట్టుగుండె జబ్బులు చూసే కార్డియాలజిస్టుతో ఎకో, హోల్టర్, టీఎంటీ చేయించి, డీజీ షిప్పింగ్ ఆమోదం ఉన్న వైద్యుడి దగ్గర పరీక్ష పూర్తిచేయించండి. ఓడ ఎక్కేముందు చేసే ప్రీ సీ శిక్షణ కోర్సు ఫీజు లక్షల్లో ఉంటుంది. ఆ పరీక్ష ఫలితం చేతికి వచ్చాకే సీటుకు డబ్బు కట్టండి.